రెండింతలు రాసిన విత్తనాలు

2006 వేసవిలో మా పత్తి విత్తనాల కంపెనీ నన్ను గద్వాలకు పంపింది. అప్పుడు నేను సరఫరా విభాగంలో సీనియర్ మేనేజరును. గోదాము నుంచి రైతు చేతిదాకా విత్తనం చేరడంలో మేమంతా ఎంత పొందికగా పనిచేస్తున్నామో పరిశీలించి, ఐదు మెట్లలో మా కంపెనీ ఏ మెట్టుమీద ఉందో తేల్చాలి. దాన్నే మా వృత్తిలో పరిణతి మదింపు అంటారు.

నన్ను ఒక విషయం ఊరికే ఉండనివ్వలేదు. ముందటేడు తొలకరికి నాగర్‌కర్నూల్‌లో విత్తనాలు దొరక్క రైతులు దుకాణం ముందు గొడవకు దిగారు. సీజన్ ముగిశాక అదే దుకాణం నుంచి బస్తాలు వెనక్కి వచ్చాయి. ఒకే చోట కొరత, మిగులు రెండూ ఎలా వచ్చాయి?

అక్కడి డీలరు మల్లేశ్‌ను అడిగాను.

"మీరు ఎన్నడన్న అడిగినంత ఇచ్చిండ్రా మేడమ్? సగం కోస్తరు. గందుకే ఆర్డరు రెండింతలు రాస్త. కోసింది విత్తుడు అయిపోయినంక పంపిస్తరు. అప్పుడు ఎవలు కొంటరు?"

గద్వాల గోదాము ఇన్‌చార్జి రాఘవేంద్ర మాటలోనూ న్యాయం ఉంది. "అందరు పెంచి రాస్తరు మేడమ్. ఎవలకు అసలెంత కావాల్నో నాకెట్ల తెలుస్తది?"

ఇద్దరినీ గోదాములో కూర్చోబెట్టాను. మల్లేశ్ తనకు కావలసిందే రాయాలి, ఆ సరుకును రాఘవేంద్ర ఆయన పేరున పక్కనపెట్టి కోత లేకుండా పంపాలి అన్నాను. మల్లేశ్ వనపర్తి డీలరు సంగతి ఎత్తాడు.

"నేను నిజం రాసి, వనపర్తాయన పెంచి రాస్తే నా గతేంది?"

కోత ఉండదని మాటిచ్చాను. అలా మాటిచ్చే అధికారం నాకు పూర్తిగా లేదు.

జూన్‌లో వాన పడగానే వనపర్తి డీలరు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. మల్లేశ్ సరుకును అటు పంపమని హెడ్డాఫీసు చెప్పింది. రాఘవేంద్ర ఫోన్ చేశాడు. "లారీ లోడైతున్నది మేడమ్. ఏం జేయాలె?"

నాగర్‌కర్నూల్‌కే పంపమన్నాను, బాధ్యత నాదని ఫ్యాక్స్ ఇచ్చాను. మల్లేశ్ కూడా పెంచి రాసి ఉంటే? వనపర్తి రైతులకు నిజంగానే కొరత వస్తే? విత్తడం ముగిసేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మల్లేశ్ దుకాణంలో దాదాపు ఏమీ మిగల్లేదు. అడిగినంత పంపలేదని మాపై అలిగిన వనపర్తి డీలరు దగ్గర మాత్రం బస్తాలు మిగిలాయి. మరుసటేడు ఆయనే ఫోన్ చేశాడు. "నాది గూడ గట్లనే పక్కకు పెట్టుండ్రి. ఈసారి ఉన్నదే రాస్త."

నివేదికలో మా కంపెనీని కింది నుంచి రెండో మెట్టు దగ్గరే ఉంచాను. ఇద్దరు డీలర్లు మారితే కంపెనీ మారినట్టు కాదు. డీలరు నిజం రాయాలంటే ముందు కంపెనీ కోత మానాలి. ఈ వరస తప్పితే ఎంత మంచి పద్ధతి తెచ్చినా పనిచేయదు. ఆ తర్వాత ఏ మదింపుకు వెళ్లినా నేను మొదట అడిగింది కోత గురించే.