కాళ్ళందని బండి

జంగారెడ్డిగూడెం దగ్గర ఓ పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో మా డాక్టరుగారు నా భుజం దాకా వచ్చేవారు. అలాంటి మనిషి, మెట్ట దారులకి పనికొస్తుందని, కాకినాడలో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్ముతున్న ఎత్తైన మోటారుసైకిలు మీద మనసు పడ్డారు. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

ఎక్కి కూర్చుంటే ఆయన రెండు కాళ్ళూ గాల్లోనే ఉన్నాయి. అమ్మే ఆయనకే జాలేసింది.

"మీకు కాళ్ళు అందట్లేదండి. కాస్త ఎత్తు తక్కువ బండి చూసుకోండి."

"నడిపేటప్పుడు కాళ్ళు పైనే కదండీ ఉండేది!" అని డాక్టరుగారు బండి కొనేశారు.

చిక్కంతా ఆగడంలోనే. సీటు మీద ఓ పక్కకి జారి, ఎడమ కాలి మునివేళ్ళు నేలకి ఆనించేవారు. వెనక నేను అప్పటికే రెండు కాళ్ళూ దించి ఉండేవాణ్ణి.

"నేనే ఆపానుగా?" అనేవారు ప్రతిసారీ.

"మీరేనండి," అనేవాణ్ణి.

ఓ వానాకాలం, వాగవతల ఊళ్ళో గేదె ఈనలేక కొట్టుకుంటోందని కబురొచ్చింది. వాగు దగ్గర చిన్న బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. డాక్టరుగారు నన్ను దింపేసి, మోకాలి లోతు నీళ్ళలోకి ఒక్కరే బండి పోనిచ్చారు. నేను వెనకాల నడిచి ఆ ఊరు చేరేసరికి బండి గడ్డివామికి ఆనించి ఉంది. గేదె తన దూడని నాకుతోంది.

గేదె తాలూకు ముసలావిడ ఆయనకి చేతులు జోడించింది. "అంత నీళ్ళలో భయమెయ్యలేదా బాబూ?"

"ఎందుకెయ్యదమ్మా? సగంలోనే వెనక్కి తిరిగిపోదామనుకున్నాను," అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ. "ఆగడానికి కాళ్ళు అందితేగా!"