పహాడీ షరీఫ్ ఎత్తు రెండుసార్లు ఎక్కాను

నలభై ఆరేళ్ల వయసులో సైకిల్ నేర్చుకున్నాను. శంషాబాద్‌లో మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో డ్యూటీకి రోజూ దానిమీదే వెళ్తాను. నిరుడు క్యాన్సర్ రోగుల ఆశ్రమానికి విరాళాల కోసం వంద కిలోమీటర్ల సైకిల్ యాత్ర పెడితే నేనూ పేరిచ్చాను. దారంతా నేనే తొక్కుతానని చర్చిలో అందరి ముందూ మొక్కుకున్నాను కూడా.

తిరుగు ప్రయాణంలో పహాడీ షరీఫ్ దగ్గర ఎత్తు వచ్చేసరికి పిక్కలు పట్టేశాయి. సైకిల్ కదలనంటోంది. ఇంతలో పక్కకు ఒక బైకు వచ్చింది. పెట్రోలు అయిపోయిన బండిని తోసినట్టు, దాన్ని నడిపే ఆయన నా క్యారియర్‌కు కాలు ఆనించి తోయసాగాడు.

“వద్దన్నా, వద్దు!” అని అరిచాను.

“భయపడకక్కా, నేనున్న గద! హ్యాండిల్ గట్టిగ పట్టుకో.”

రెండు నిమిషాల్లో పైకి తెచ్చేశాడు. అక్కడ ఆగి ఉన్న తోటివాళ్లు పకపకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. సైకిల్ వెనక్కి తిప్పాను.

“ఏందక్కా, మళ్ల కిందికే పోతున్నవ్?”

“మొక్కున్నదన్నా. నేనే తొక్కాలె.”

ఆయన ముఖం మారిపోయింది. “అయ్యో, తెల్వక చేసిన అక్కా,” అంటూ బండి తిప్పి నాతోపాటే దిగాడు. నేను మళ్లీ ఎక్కుతుంటే, లారీలు నా మీదికి రాకుండా వెనకాలే మెల్లగా వచ్చాడు.

ఇప్పటికీ డ్యూటీకి వెళ్తుంటే జాలిపడి కాలు చాచేవాళ్లు తగులుతూనే ఉంటారు. చాచిన కాలు వెనక్కి తీసుకుని తోడొచ్చింది మాత్రం ఆయనొక్కడే.