మెడదాకా నింపిన సీసా

మా పెద్దనాయన పోయాడన్న కబురు కారేపల్లి వైపు నుంచి వచ్చే పొద్దుటి బస్సులో వచ్చింది. కండక్టర్ ఖమ్మంలోని మా హాస్టల్ గేటు దాకా నడిచి వచ్చాడు. "తెల్లారగట్ల నిద్రలనే పోయిండమ్మా. ఏ బాధ పడలే" అని చెప్పి, జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకోబోయి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా ఊళ్లో బస్సెక్కిన ప్రతిసారీ పెద్దనాయన ఆ రుమాలు మీద ఒక్క చుక్క నిమ్మగడ్డి నూనె వేసేవాడు. ఆ వాసన గేటు ఇవతలికి వచ్చింది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఇది రాస్తుంటే ఇప్పుడూ అలాగే అవుతోంది.

అడవి అంచున ఆయనకు రెండెకరాల ఎర్రచెలక ఉండేది. జొన్న కూడా సరిగా పండని ఆ రాళ్లనేలలో ఆయన నిమ్మగడ్డి వేశాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా పెద్దమ్మే.

"ఎడ్లే మొఖం తిప్పుకునే గడ్డి. మీ పెద్దనాయనకు ఎడ్లకున్న తెలివి గూడ లేకపాయె."

"ఎడ్లు ముట్టయి గనుకనే కంచె ఖర్చు లేదు" అనేవాడాయన, తాపీగా.

కోసిన గడ్డిని పెద్ద డ్రమ్ములో కుక్కి కింద మంట పెట్టేవాడు. ఆవిరి గొట్టంలోంచి వెళ్లి, నీళ్లతొట్టిలో చల్లబడి, అవతల చుక్కలు చుక్కలుగా పడేది. నీటి మీద పసుపుపచ్చని నూనె తేలేది. బట్టీ పెట్టిన రోజు ఆయన తన బీడీల కట్ట పెద్దమ్మకు అప్పగించేవాడు. నూనె పట్టే చోటికి నిప్పు రాకూడదు. ఆ రోజంతా ఆయన చేతులు ఊరికే జేబులు తడుముకుంటూ ఉండేవి.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చదువుకున్నదానివి గద, ఈ వాసన ఎట్లుందో ఒక్క మాటల చెప్పు" అనేవాడు.

"అప్పుడే కోసిన నిమ్మకాయలా."

"సగమే చెప్పినవ్. ఇంకో మాట ఎతుకు."

ఒకసారి పెళ్లికి వెళ్తూ ఆ నూనెను అత్తరులా మెడకు పూసుకున్నాను. బంతి లేచేసరికి మెడంతా ఎర్రగా మండింది. ఆయన సబ్బుతో కడిగించి, కొబ్బరినూనె రాయించాడు. "ఇది మంచిదే బిడ్డా. కని ఉత్తగ పూసుకోవద్దు, చారెడు కొబ్బరినూనెల చుక్క కలుపుకోవాలె. కొందరు మంచోళ్లు గూడ గంతే, కొంచెం కలుపుకుంటెనే పడతరు" అన్నాడు. చెబుతూ పెద్దమ్మ వైపు చూశాడు.

ఇంటర్‌లో మా కెమిస్ట్రీ లెక్చరర్ ఆ వాసన సిట్రాల్ అనే ఆల్డిహైడ్‌దని చెప్పారు. సబ్బులకూ సెంట్లకూ వాడతారట, దానితో విటమిన్ కూడా తయారు చేస్తారట. సెలవులకు వెళ్లి చెబితే పెద్దనాయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "పేరు తెల్వకనే ఇన్నేండ్లు సాకిన. ఇగ ఇంకింత మంచిగ చూసుకోవాలె" అన్నాడు.

ఆ ఏడే పెద్దనాయన దగ్గర నూనె కొని మధిరలో సబ్బులు చేసే ఆయన, "మీ నూనెలో ఏదో కలిసిందండీ, కాలేజీలో పరీక్ష చేయించి కాగితం తెండి" అన్నాడు. ఆ పూట పెద్దనాయన అన్నం ముట్టలేదు. గోధుమరంగు సీసాను మెడదాకా నింపి నా చేతికిచ్చాడు. "మీ సారుకు చూపియ్యి. తేడా ఉందంటె గడ్డి మొత్తం దున్నేస్త."

ఆ సీసాలో నూనె రంగు కనిపించలేదు. నాకేమో దాని మీద నాలుగు వాక్యాలు రాసుకోవాలని ఉంది. పెద్ద తెల్లసీసాలోకి వంపి హాస్టల్ కిటికీలో పెట్టాను. సగం సీసా బంగారంలా మెరిసింది. నెలరోజులు దాన్ని చూస్తూ రాసుకున్నాను. తర్వాత పరీక్ష చేశాం. వేడి బైసల్ఫైట్ ద్రావణంలో కలిపి ఊపితే సిట్రాల్ అందులో కరిగిపోతుంది, కరగనిది ఫ్లాస్కు సన్నటి మెడలోకి తేలుతుంది. పది పాళ్లలో రెండున్నరకు మించి తేలకూడదన్నారు సార్. నాలుగు తేలాయి.

ఆ మాట చెప్పినప్పుడు పెద్దనాయన చేను వైపు చూశాడు. లేచి, చూరుకు ఆనించిన నాగలి మీద చెయ్యి వేశాడు. ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగాడు.

"సీసా ఏది?"

వెంట తెచ్చిన తెల్లసీసా ఇచ్చాను. మూత తీసి వాసన చూశాడు.

"ఎండల పెట్టినవా?"

"అవ్."

"గిట్ల సగం సీసలనే?"

"అవ్."

ఆయన నవ్వు ఆపుకోలేక డ్రమ్ము మీద కూలబడ్డాడు. "నువ్వు నూనెను పరీక్ష చెయ్యలేదు బిడ్డా, ఎండను పరీక్ష చేసినవ్."

గాలీ వెలుతురూ తగిలితే ఆల్డిహైడ్ చెడిపోతుందని నా నోటుబుక్కులోనే ఉంది. నేనే రాసుకున్నాను, గుండ్రటి అక్షరాలతో.

ఈసారి మెడదాకా నింపిన సీసాను తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లోంచి దించకుండా తెచ్చాను. ఆ మధ్యాహ్నమే పరీక్ష చేశాం. సరిగ్గా రెండున్నర. సార్ రాసిచ్చిన కాగితాన్ని పెద్దనాయన చదవలేకపోయినా, మధిర వెళ్లేదాకా దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ చూపించాడట. పెద్దమ్మ మాత్రం, "ఎడ్లకు గూడ చూపియ్యకపోయినవ్" అంది.

పోయిన ఎండాకాలంలో ఆయన నాకొక సీసా ఇచ్చాడు. "వాడినకొద్దీ చిన్న సీసలకు మార్చుకుంట పో. గాలికి జాగ ఇయ్యకు."

అలాగే చేశాను. ముందు దగ్గుమందు సీసాలోకి, తర్వాత చిన్న అత్తరు సీసాలోకి. దినాలయ్యి హాస్టల్‌కి తిరిగొచ్చాక హోమియో మాత్రల బుడ్డిలోకి వంపాను. ఆయన అడిగిన రెండో మాట ఇంకా దొరకలేదు. నా ట్రంకుపెట్టెలో, నల్లకాగితం చుట్టిన బొటనవేలంత బుడ్డి ఉంది. మెడదాకా నిండుగా ఉంది.