ఎడమ పక్కన పెట్టిన టిక్కు

గుంటూరులో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసిన జోసఫిన్ సర్టిఫికెట్లు న్యూజిలాండ్‌లో చెల్లలేదు. ఇన్వర్‌కార్గిల్‌కి వచ్చి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా ముసలివాళ్లకు నీళ్లు పోస్తూ, పక్కలు సర్దుతూ ఉంది.

2008 ఆగస్టులో అక్కడుండే మిసెస్ డాల్టన్ మంచం మీంచి లేస్తూ జారిపడింది. ఇద్దరు పట్టి లేపవలసిన మనిషిని జోసఫిన్ ఒక్కతే లేపుతుండగా జరిగిందది. రెండో మనిషిని డ్యూటీలో వేస్తేగా! ముసలావిడ తుంటి విరిగింది. డ్యూటీల రోస్టరు రాసినవాళ్ల జోలికి ఎవరూ పోలేదు. వార్నింగు లెటరు మాత్రం జోసఫిన్ పేరు మీద వచ్చింది. ఇంకొకటి వస్తే ఉద్యోగం పోతుంది.

నవంబరులో ఎన్నికలు. రెసిడెన్సీ ఉండి ఏడాది దాటితే చాలు, పౌరసత్వం లేకపోయినా ఆ దేశం ఓటిస్తుంది. అద్దె ఇళ్ల దక్షిణపు వీధులు ఒక పార్టీవి, పెద్ద తోటలున్న ఉత్తరపు వీధులు ఇంకో పార్టీవి అని ఊళ్లో ఒక మాట ఉంది. ఇరవై ఆరు తెలుగు ఓట్లు ఎటన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు, ఒక్క నోవహుకు తప్ప.

నోవహుది వీధి మూల కిరాణా కొట్టు. ఇక్కడ దాన్ని డైరీ అంటారు. ఆదివారం ప్రార్థన ఆయన ఇంట్లోనే. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇల్లు వెతికిపెట్టి, ఇంటర్వ్యూలకు కారులో తిప్పిన మనిషి.

రెస్ట్‌హోముల్లో షిఫ్టుకు ఇంతమంది ఉండి తీరాలని చట్టం తెస్తామని, యూనియన్‌వాళ్ల పార్టీ అభ్యర్థి స్టాఫ్‌రూములో బల్ల గుద్ది చెప్పాడు. జోసఫిన్ ఆ మాట పట్టుకుంది. నోవహు పార్టీ వేరు. ఎన్నికల ముందు ఆదివారం, ప్రార్థనయ్యాక అందరి ముందూ ఆమెతో అన్నాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ రెండు టిక్కులు. కుడి పక్కది మనిషికి, ఎడమ పక్కది పార్టీకి. మనిషికి నీ ఇష్టం, నేనడ్డు రాను. పార్టీ టిక్కు మాత్రం నా మాట మీద వెయ్యి. ఇరవై ఆరూ ఒక్కచోట పడితేగానీ మనమున్నట్టు వీళ్లకి తెలీదు."

"అది మీ కొట్టుకి పనికొచ్చే పార్టీ కదన్నయ్యా?"

"పన్ను తగ్గితే నీకేమన్నా చేదా?" అన్నాడాయన. అందరూ నవ్వారు.

గుంటూరులో ఓటంటే ఒక్కటే, మనిషికే. గెలిచేదీ ఓడేదీ ఆ మనిషే. రెండో టిక్కు ఆవిడకు కూరగాయలవాడు వేసే కొసరులా అనిపించింది. కొసరు అన్నయ్యకిస్తే పోయేదేముంది?

శనివారం స్కూలు హాల్లో అలాగే వేసింది. పార్లమెంటులో ఏ పార్టీకి ఎంత వాటా అన్నది ఈ ఓటే తేలుస్తుందని ఎడమ వరస పైన అచ్చు వేసి ఉంది. కళ్లద్దాలూ ఉన్నాయి. తెలుగులో విని వచ్చింది కనుక చదవలేదు.

మర్నాడు డ్యూటీలో ట్రేసీ మొహం వేలాడేసుకుని కనిపించింది. తోటి కేర్‌గివర్, యూనియన్ మనిషి.

"మనవాడు ఓడిపోయాడు. నేను ఆయనకే వేశాను," అంది జోసఫిన్.

"ఆయన సంగతి వదిలెయ్ జో, పార్టీయే ఓడింది, ఆ చట్టం ఇక రాదు. పార్టీ ఓటు ఎవరికిచ్చావ్? సీట్లు లెక్కకట్టేది దానితోనే."

జోసఫిన్ చేతిలోని దుప్పటిని మళ్లీ మళ్లీ మడతపెట్టింది.

సాయంత్రం ప్రార్థన మొదలుకాకముందే అడిగేసింది. "అన్నయ్యా, ఎడమ టిక్కే అసలుదంట. మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పలేదే?"

"నువ్వడగలేదు."

ఆసుపత్రిలో క్లీనరుగా చేసే ఫ్లోరెన్స్ తలెత్తింది. "నేనూ అట్టాగే వేశానక్కా. మనిషికి నా ఇష్టం, పార్టీకి అన్నయ్య మాట." ఆ వెనకే షాలెం, "నేను కూడా," అంది. చూస్తుండగా ఏడుగురు తేలారు. ఏడుగురూ ఇంకొకరి ఒళ్లు కడిగో, గది కడిగో బతికే ఆడవాళ్లే. ఓటును బలవంతంగా లాక్కునేవాణ్ణి కనీసం తిట్టుకోవచ్చు. ప్రేమగా అడిగి పుచ్చుకున్నవాణ్ణి ఏమనాలో వాళ్లకు తోచలేదు.

"మీ మంచికేగదా చెప్పాను!" నోవహు గొంతు పెరిగింది. "కొత్తలో నీకు ఇల్లు చూసిపెట్టిందెవరు చెల్లెమ్మా?"

"మీరే. అది మర్చిపోలేదు గనకే వేశాను. ఇంకా ఎన్నిసార్లు వెయ్యాలి?"

ఆ రోజు ప్రార్థన పాట లేకుండానే ముగిసింది. జోసఫిన్ ఆయన కారెక్కకుండా గాలికి ఎదురు నడిచి ఇంటికి పోయింది. మళ్లీ ఓటు మూడేళ్లకు గాని రాదు.

సోమవారం రోస్టరులో పడమటి వింగుకు ఒక్క జోసఫిన్ పేరే ఉంది. కిటికీ పక్క మంచంలో పెద్దాయన లేవాలని చేతులు చాపాడు. జోసఫిన్ ఆయన భుజం నిమిరి, ఎత్తకుండా బెల్లు నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కింది. అయిదో మోతకు మేనేజరు చిరాగ్గా వచ్చి, ఏమయిందని అడిగింది.

"రెండో మనిషి కావాలి. అటుపక్క పట్టండి," అంది జోసఫిన్. రెండో వార్నింగు లెటరు రావచ్చని ఆవిడకు తెలుసు.