ఈకల బొంతలో అక్షరాలు

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర మా అమ్మాయి వాళ్లుండే ఇంట్లో, కింది వాటాలో ఒక లిథువేనియా పెద్దావిడ ఉండేది. నాకంటే చాలా పెద్దది. నేను పెసరట్టు పంపితే ఆవిడ బంగాళాదుంప అట్టు పంపేది. అలా అట్ల మీదే మా స్నేహం కుదిరింది. మాటలు కావాలంటే మధ్యలో మా అమ్మాయి ఉండేది.

ఆ వసంతంలో ఆవిడ ఇల్లు ఖాళీ చేసి, వృద్ధులుండే చోట ఒక్క గదిలోకి మారాల్సి వచ్చింది. సామాను వదులుకోవడానికి ఆవిడకి దిగుల్లేదు. ఒక్కదాని కోసమే ఇల్లంతా వెతుకుతోంది. రష్యా చక్రవర్తుల ఏలుబడిలో లిథువేనియా భాషని దాని సొంత అక్షరాల్లో అచ్చు వెయ్యకూడదని నిషేధం ఉండేదట. జర్మనీ వైపు అచ్చయిన పుస్తకాలని ఆవిడ తాతగారి లాంటివాళ్లు దొంగతనంగా సరిహద్దు దాటించి ఇంటింటికీ చేర్చేవారట. ఆ తరవాత వాళ్లకంటూ ఒక దేశమే ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పారిపోయి వస్తూ ఆవిడ తల్లి ఆ పుస్తకాలూ కాగితాలూ వెంట తెచ్చిందట. "ఇంట్లోనే ఉన్నాయి" అనేదే గానీ, ఎక్కడో చెప్పకుండానే కన్నుమూసింది. భయపడుతూ బతికిన మనిషి మరి.

ఆవిడ కొడుకు, తల నెరిసినవాడు, ఇదంతా నమ్మడు. "మా అమ్మమ్మకి కథలు చెప్పడం బాగా వచ్చు" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఆవిడకి ముల్లులా గుచ్చుకునేది.

ఒక శనివారం ఆవిడ తల్లి నాటి ఈకల బొంతని పాతబట్టల డబ్బాలో వెయ్యబోతుంటే నేను పట్టుకున్నాను. అంత మంచి బొంత. మా వైపు ఏటా ఎండాకాలంలో పరుపు కుట్లు విప్పి, దూది ఎండబెట్టి, కర్రతో కొట్టి మళ్లీ కుడతాం. అదే చేద్దామన్నాను.

"అమ్మా, అది నీ బూరుగు దూది కాదే. ఈకలు" అంది అమ్మాయి.

"ఏదైతేనేం, ఎండ చూడాలి గదా" అని పెరట్లో దుప్పటి పరిచి, కుట్లు విప్పి, ఈకలు కుప్ప పోసి కర్రతో ఒక్కటిచ్చాను.

అంతే. పెరడంతా తెల్లబడిపోయింది. కంచె మీద ఈకలు, పక్కవాళ్ల కారు మీద ఈకలు, మా మనవడి నోట్లో కూడా ఈకలు.

"హౌస్‌మైస్టర్ చూశాడంటే మనందరికీ టెర్మిన్ ఇస్తాడు, తిట్టడానికి" అంది అమ్మాయి. హౌస్‌మైస్టర్ అంటే ఇంటి బాగోగులు చూసే మనిషి; అక్కడ ఏ పనికైనా టెర్మిన్, అంటే ముందుగా చెప్పిన టైము, ఉండాల్సిందే. పెద్దావిడ కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఈకలన్నీ పోయినా బొంత గుడ్డ ఒక మూల బరువుగానే ఉంది. చెయ్యి పెట్టి చూస్తే, లోపల ఇంకో గుడ్డ వేసి లావు దారంతో దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది. ఆవిడ వైపు చూశాను. నవ్వు ఆపేసి తలూపింది. కత్తిరించాను.

మైనపు గుడ్డలో చుట్టిన పొట్లం. అందులో మడతలు పడ్డ పత్రికలు, చెక్క ఇంటి ముందు జెండాతో నిలబడ్డ మనుషుల ఫొటో, అరచేతంత అక్షరాల పుస్తకం. ఆవిడ ఏడవలేదు. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది.

మధ్యాహ్నం కొడుకు సామాను కోసం వ్యాను తెచ్చాడు. ఫొటో మధ్యలో ఉన్నాయన, ఆవిడ తాతగారట, ముక్కు అచ్చంగా ఇతనిదే. పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు.

"ఏం రాసుంది?" అన్నాడు.

"చదువుకో."

"నాకు మీ భాష రాదుగా అమ్మా."

"అయితే కూర్చో."

ఆ నిషేధం రోజుల్లో ఆడవాళ్లు రాట్నం మీద నూలు వడుకుతూ, ఒళ్లో ఈ పుస్తకం దాచిపెట్టుకుని పిల్లలకి చెప్పేవారట. అలాగే తనూ ఒళ్లో పెట్టుకుని, మొదటి అక్షరం కింద వేలుంచింది. గడ్డి మీద చతికిలబడ్డ కొడుకు తప్పు పలికాడు. చేతి మీద చిన్న దెబ్బ వేసింది. పక్కన చేరిన మా మనవడు ఒకేసారికి సరిగ్గా పలికేశాడు.

"చూశావా?" అంది కొడుకుతో.

"వాడికి ఏడేళ్లమ్మా" అని గొణిగి, అతను మళ్లీ పలికాడు. ఈసారి సరిగ్గా వచ్చింది. ఇక లేవనే లేదు. పొద్దు వాలేదాకా ఒక్కొక్క అక్షరమూ అడుగుతూనే ఉన్నాడు. వ్యాను మర్నాడు మళ్లీ రావలసి వచ్చింది.