నూకమ్మత్తకి నేను చెప్పిన డాక్టరు

2022 ఎండాకాలం. శ్రీకాకుళంలో ఒక మేడ కింద చిన్న గది, అదే నా డెంటల్ ల్యాబ్. డాక్టర్లు నోట్లోంచి అచ్చు తీసి నాకు పంపుతారు. దాన్ని ఇంప్రెషన్ అంటారు. అందులో ప్లాస్టర్ లాంటి గట్టి పొడి కలిపి పోస్తే మనిషి చిగుళ్ళూ అంగిలీ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. అది కాస్ట్. దాని మీద కట్టుడుపళ్ళు తయారుచేయడం నా పని. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. అప్పట్నించీ ఊళ్ళో వాళ్ళ నవ్వులు నా చేతిలోంచే వెళ్తున్నాయని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఈ పనిలో ఉన్నవాడు కనిపిస్తే అందరూ అడిగేది ఒకటే. "ఏ పళ్ళ డాక్టరు మంచోడు?" అచ్చు చూస్తే డాక్టరు తెలిసిపోతాడని నా ధీమా. అచ్చు నున్నగా వస్తే మంచి డాక్టరు, బుడగలుంటే మామూలు డాక్టరు. నాకు పనే పంపని డాక్టరైతే, ఇక డాక్టరే కాదు.

నూకమ్మ మా ఆవిడకి పినతల్లి, నాకు అత్త వరస. సముద్రం ఒడ్డు ఊరు. తెల్లారి ఆటో ఎక్కి టౌనుకొచ్చి వీధులంట చేపలమ్ముతుంది. ఆ ఏడాది ఆమెకి పైపళ్ళన్నీ పోయాయి. చేపలని కేకేస్తే గాలి తప్ప మాట రావడం లేదు. పిల్లలు వెనకాల నడిచి వెక్కిరిస్తున్నారు. కేక లేకపోతే బేరం లేదు.

నేను లేనప్పుడు మా ఆవిడ ఆమెని మా వీధి చివర కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. సాయంత్రం అత్త బుట్టతో సహా నా ల్యాబ్‌లోకి వచ్చి కూలబడింది.

"అల్లుడా, ఆ పిల్ల డాక్టరు నోరు తెరిపించింది, దీపమేసింది, నాలిక పట్టుకు లాగింది. ఆకర్ని పళ్ళు కట్టనన్నాది. అంగిట్లో మచ్చున్నాదంట. ఇశాపట్నం ఎల్లి ముక్క తీయించుకోవాలంట. ముక్కలు కొయ్యడానికి నానేటి సేపనా?"

"సుట్ట మానీమన్నాదా?"

"మానీమంతాది. నిప్పు లోపలెట్టుకుంతానంటే దాని కళ్ళు ఇంతయ్యీయి."

మా తీరంలో ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. సముద్రపు గాలికి నిప్పారదు, బుట్ట మోసేవాళ్ళకి చేతులు ఖాళీగా ఉంటాయి. వేడంతా అంగిట్లోనే. మా అమ్మమ్మా అలాగే కాల్చింది. అందుకే అదేదో జబ్బు సంగతని నాకు తట్టలేదు.

"అత్తా, ఆ డాక్టరమ్మకి సదువు ఎక్కువైపోనాది. పుస్తకంలో ఉన్నవన్నీ నీ నోట్లోనే ఎతుక్కుంతన్నాది. నాను సెప్పిన డాక్టరు దగ్గరికెల్లు."

అత్త నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నేనేదో పుణ్యం చేశాననుకున్నాను.

నేను పంపింది మెయిన్ రోడ్డు డాక్టరు దగ్గరికి. నాకు ఎక్కువ పనిచ్చేది ఆయనే. మర్నాడు అత్త ఫోన్ చేసింది. "పది నిమిసాల్లో అచ్చు తీసీసినాడు. సుట్ట మాటే ఎత్తనేదు. అదిరా డాక్టరంటే!"

ఆ మధ్యాహ్నమే అచ్చు వచ్చింది. బుడగ ఒక్కటి లేదు. కాస్ట్ పోశాను. అంగిలి మధ్యలో, కొంచెం కుడివైపు, చింతగింజంత గరుకు ఎత్తు. వేలు పెడితే తగులుతోంది. అలాంటిది కనిపిస్తే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాలి. ఫోన్ తీశాను కూడా. ఏమని చెప్పను? ఆయన చూసే పంపుంటాడు కదా అనుకున్నాను. అసలు భయం వేరు. డాక్టరమ్మ మాట నిజమైతే నిన్న నేను వేసిన జోకు ఏమైపోతుంది?

ఫోన్ కింద పెట్టి రిలీఫ్ ఇచ్చాను. అంటే కాస్ట్ మీద ఎత్తున్న చోట పలచటి రేకు అంటిస్తాం, తయారైన పళ్ళ ప్లేటు అక్కడ నొక్కకుండా కొంచెం ఖాళీ ఉంటుంది. మనిషికి నొప్పి తెలీదు. మంచి పనివాడు చేసే పనే. నేనూ మంచిగానే చేశాను.

అత్తకి పళ్ళు అతికినట్టు సరిపోయాయి. కేక వీధి చివరికి వినపడింది. చుట్ట కాల్చేటప్పుడు ప్లేటు తీసి కొంగున కట్టుకునేది.

పది నెలలకి ప్లేటు చేత్తో పట్టుకొచ్చింది.

"అల్లుడా, కోస్తన్నాది. కూసింత అరగదియ్."

ప్లేటు లోపలివైపు రక్తం చార ఉంది. ఫోన్ లైటు వేసి నోట్లోకి చూశాను. ఆ ఎత్తు పెరిగి రేకంత ఖాళీ ఎప్పుడో నిండిపోయింది. అక్కడ పుండు, రూపాయి బిళ్ళంత. నాకు ఒక్క జోకు రాలేదు.

ప్లేటు అరగదియ్యకుండా పక్కన పెట్టాను.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ అత్తని గుర్తుపట్టింది, కోప్పడలేదు. బయటికి పిలిచి నన్నొకటే అడిగింది. "పాత కాస్ట్ ఉందా? ఎంత పెరిగిందో పెద్దాసుపత్రి వాళ్ళకి చెప్పాలి."

తెచ్చిచ్చాను. ఆవిడ అంగిలి మీద వేలు నడిపించి రేకు దగ్గర ఆపింది.

"రిలీఫ్ మీరే ఇచ్చారా?"

"అవునండి."

"చాలా బాగా ఇచ్చారు," అంది. తిట్టి ఉంటే ఆ రోజు అన్నం తిని ఉండేవాణ్ణేమో.

విశాఖపట్నంలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. ముందే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదన్నారు. పైదవడ కుడివైపూ అంగిలీ తీసేశారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. అంగిట్లో మిగిలిన కన్నాన్ని మూసే ప్లేటుని ఆబ్ట్యురేటర్ అంటారు. దాన్ని చేసింది నేనే. నాలుగుసార్లు తిరగచేశాను. అది పెట్టుకుంటే అత్త గంజి తాగగలదు, దగ్గర కూర్చుంటే మాట అర్థమవుతుంది. వీధిలో కేకేసే గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంటి ముందు గోనె పరుచుకుని ఎండుచేపలమ్ముతోంది. క్యాన్సర్ మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. మంచి డాక్టరు ఎవరో అచ్చు చూసి తెలీదు. పళ్ళ కోసం వెళ్ళినా నాలుకా బుగ్గలూ అంగిలీ చూస్తాడా, ఏం కాలుస్తావు, ఏం నములుతావు అని అడుగుతాడా, వద్దనాల్సిన చోట వద్దంటాడా, అది చూసుకోవాలి. మనం అడిగింది అడిగినట్టు పది నిమిషాల్లో ఇచ్చేవాడు మనకి నచ్చుతాడు. నాకూ నచ్చాడు. ఇప్పుడు కాస్ట్ మీద తేడా కనిపిస్తే ఫోన్ చేస్తాను. మెయిన్ రోడ్డు డాక్టరు విసుక్కుని పని పంపడం మానేశాడు.

రేకు సంగతి అత్తకి చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ చేపలు పొట్లం కట్టి పంపించింది.

పోయిన నెల వాళ్ళ ఊరావిడ ఒకామె దవడ పట్టుకుని ల్యాబ్‌కొచ్చింది.

"నూకమ్మ పంపింది బాబూ. మంచి డాక్టరు కావాలంటే మా అల్లుణ్ణడుగు, కళ్ళు మూసుకుని ఆడి మాటిను అన్నాది."

డాక్టరమ్మ క్లినిక్‌కి దారి చెప్పాను. ఆవిడ వెళ్ళిపోయాక చాలాసేపు పళ్ళు నిలబెట్టే మైనం కరిగిస్తూ కూర్చున్నాను, చెయ్యాల్సిన పనేమీ లేకపోయినా.