సాంబశివరాజు గారి నాలుక

సాంబశివరాజు గారు రిజిస్ట్రేషన్ నంబరు చెప్పని డాక్టరుకి నాలుక చూపించేవారు కాదు.

మా ఊళ్ళో కొత్త డాక్టరు బోర్డు కట్టడం ఆలస్యం, రాజుగారికి నలత వచ్చేసేది. "నలతేంటి నా మొహం, పొద్దున్న తొమ్మిది ఇడ్లీలు తిన్నారు" అనేవారు వాళ్ళావిడ లక్ష్మీనరసమ్మ గారు. ఆయన వినిపించుకోకుండా వెళ్ళి డాక్టరు ముందు పెదాలు బిగించి కూర్చునేవారు.

"నాలుక చాపండి."

"ముందు నంబరు చెప్పండి."

నంబరు చెప్పగానే ఇంటికొచ్చి మెడికల్ కౌన్సిలుకి జవాబు కార్డు రాసేవారు. జవాబు నెలకొచ్చినా, రెణ్ణెల్లకొచ్చినా నలత బుద్ధిగా ఆగేది. అంతా సవ్యమని తేలాక వెళ్ళి, వీధి గుమ్మంలో నిలబడి మరీ నాలుక చాపేవారు. విచిత్రమేంటంటే, ఎదురుగా ఉన్న నా మందుల షాపులో ఆయన ఒక్క బిళ్ళ కూడా కొన్న పాపాన పోలేదు.

తొంభై అయిదులో ఒక బంగారు కళ్ళజోడు డాక్టరు దిగాడు. కార్డుకి జవాబొచ్చింది. రాజుగారు ఆ డాక్టరు గుమ్మంలోనే అందరి ముందూ చదివారు. "ఈ నంబరాయన పోయి పదకొండేళ్ళయిందటండి. తమరు పోయినట్టు మాకు కబురే లేదు!" ఆ మధ్యాహ్నమే కళ్ళజోడు భీమవరం బస్సెక్కింది. ఆనాటి నుంచి ఊరంతటికీ ఒకటే ప్రశ్న: "రాజుగారు నాలుక పెట్టారా?"

మూడేళ్ళకి డాక్టర్ హేమశ్రీ గారొచ్చారు. పక్క రాష్ట్రంలో చదివొచ్చిన చిన్నపిల్ల.

"అక్కడ నంబరుందండి. నామీద కేసులేవీ లేవని అక్కడి కౌన్సిలు ఇక్కడి కౌన్సిలుకి రాస్తే ఇక్కడా ఇస్తారు. నాలుగు నెలలైంది, ఇంకా రాయలేదండి" అందావిడ.

రాజుగారు తలూపి, మూసిన నోరు మూసినట్టే బయటికొచ్చేశారు. వీధంతా చూసింది. సాయంత్రానికల్లా ఆవిడ దొంగ డాక్టరైపోయింది. మెట్ల దాకా వచ్చిన తలుపులమ్మ తన దగ్గుని తిరిగి ఇంటికి పట్టుకుపోయింది. మూడు వారాలు ఒక్క పురుగు రాలేదు. నెలాఖరుకి ఖాళీ చేస్తానని ఆ పిల్ల ఇంటివాళ్ళకి చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆవిడ పొట్ట కొట్టేశారు కదండీ!" అన్నాను రాజుగారితో.

"అదేంట్రా హరిబాబూ! నేను దొంగ అన్లేదే! ఇంకా తెలీదనుకున్నాను, అంతే."

"మీరేమీ అనలేదండి. గొడవంతా అందుకే వచ్చింది."

ఆయన మొహం పాలిపోయింది. మర్నాడే హేమశ్రీ గారి చేత తన తరఫున ఆయన్ని పంపుతున్నట్టు ఉత్తరం రాయించుకుని, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా చంకన పెట్టుకుని రైలెక్కేశారు.

ఎనిమిదో రోజున దిగారు. "వీళ్ళు అడగలేదంటారు వాళ్ళు, వాళ్ళు రాయలేదంటారు వీళ్ళు. అలిగిన వియ్యపురాళ్ళు నయంరా! అక్కడి కాగితం నేనే మోసుకొచ్చి ఇక్కడ చేతిలో పెట్టాను. కొత్త నంబరేసి సంతకం పడేదాకా డబ్బా మూత తియ్యలేదు!"

అంటూనే గబగబా ఆసుపత్రి గుమ్మమెక్కి, వీధి వైపు తిరిగి, బారెడు నాలుక చాపారు.

"రాజుగారూ, ఇటు తిరగండి. నేను చూడొద్దా?" అంది హేమశ్రీ గారు.

ఆయన నాలుక లోపలికి తీసుకున్నారు. "నువ్వెందుకమ్మా చూడ్డం? నాకే జబ్బూ లేదు. వాళ్ళని చూడనీ." మళ్ళీ చాపారు.

"పెట్టారోయ్!" అని తలుపులమ్మ కేక వేసింది. దగ్గుతూనే పరిగెత్తుకొచ్చింది. వెనకాల వీధి వీధంతా.

"అయితే ఇన్నేళ్ళ నలతలూ?" అన్నాను తెల్లబోయి.

"మా చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి బోర్డులు చదవడం రాదు కదరా. నాలుకైతే ఎవడికైనా కనబడుతుంది."

 ఇన్నేళ్ళూ ఈయన్ని పట్టుకుని చాదస్తమని నవ్వుకున్నాను కదా అని సిగ్గేసింది.

జనం వెళ్ళాక హేమశ్రీ గారు ఆయన్ని బలవంతంగా కూర్చోబెట్టి బీపీ చూసింది. నూట డెబ్భై!

"ఆయ్, రైలు కుదుపండి అది" అన్నారు రాజుగారు. ఆవిడ ఒప్పుకోలేదు. చీటీ రాసిచ్చింది.

మొట్టమొదటిసారిగా రాజుగారు నా షాపు మెట్లెక్కారు. కానీ చీటీ నా చేతికివ్వరే! కింద అచ్చంగా కొత్త రిజిస్ట్రేషన్ నంబరుంది. దాన్ని మురిసిపోతూ మూడుసార్లు పైకి చదివారు. మందు పేరు నేనే లాక్కుని చదువుకోవలసి వచ్చింది.